ఉల్లాసమాపకం చూపిన దిక్కు

2079 నాటికి విశాఖపట్నంలో కొదవ లేనిది ఒక్క తీరికకే. మనుషులకు వారానికి ఒక్క పూట పని, మిగతాదంతా యంత్రాలే చూసుకుంటాయి. సాయంత్రమైతే తీరం పొడవునా కుండలు చేయడం నేర్పే పందిళ్లు, పడవ పందేలు, నక్షత్రాలు చూపించే డాబాలు జనం కోసం ఎదురుచూస్తుంటాయి. జనం మాత్రం ఇళ్లల్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారు. ఎక్కడికి వెళితే బాగుంటుందో చెప్పే యాప్‌లు బోలెడు. కానీ వాటికి జనం చెప్పేదొకటి, మనసులో ఉండేదొకటి. సంగీతమంటే ప్రాణమని రాసినవాళ్లు కచేరీకి వెళ్లి హాయిగా కునుకు తీస్తారు.

ఇంజనీరు హైమవతి అన్నయ్య సింహాద్రి ఆ మాత్రం అబద్ధం కూడా ఆడడు. "నాకేటీ వొద్దమ్మా" అంటాడు, అంతే. అతను ఓడరేవులో క్రేన్ నడిపిన మనిషి. క్రేన్లు తమంతట తామే నడవడం మొదలయ్యాక ఇంటిపట్టున కూలబడ్డాడు. మాట తగ్గింది, తిండి తగ్గింది. తనను చదివించి ఇంతదాన్ని చేసిన అన్న కళ్లముందే అలా అయిపోతుంటే హైమ చూస్తూ ఊరుకోలేకపోయింది. అతణ్ణి మళ్లీ నవ్వించేది ఈ ఊళ్లో ఎక్కడో ఒకచోట ఉండకపోదు. దాన్ని వెతికి పట్టుకోవడానికే ఆమె ఉల్లాసమాపకాన్ని తయారుచేసింది.

మనిషి నిజంగా సంతోషించినప్పుడు అతని ఊపిరిలో కొన్ని అణువుల పాళ్లు మారతాయి. నోటితో బొంకవచ్చు గానీ ఊపిరితో బొంకలేం. వీధి దీపాల స్తంభాలకు, చేతిలో పట్టుకునే చిన్న బిళ్లకు అమర్చిన సెన్సర్లు ఆ మార్పును పసిగడతాయి. బిళ్ల మీద పచ్చని వెలుగు ముల్లు ఒకటి ఆ ఊపిరి వచ్చే వైపు తిరుగుతుంది, సంతోషం ఎంత ఉంటే అంతగా వెలుగుతుంది. దాని వెంట నడిస్తే చాలు, చుట్టుపక్కల అందరికన్నా ఎక్కువ సంతోషంగా ఉన్నవాళ్ల దగ్గరికి చేరతాం.

అయితే ఊరి స్తంభాలన్నీ వాడుకోవాలంటే ఊరి కాలక్షేపాల బాగోగులు చూసే తీరిక మండలి ఒప్పుకోవాలి. ఏ స్టార్టప్‌కైనా మండలి ముందు పిచ్ ఇచ్చుకునే అవకాశం ఒక్కసారే. కాదంటే మళ్లీ గడప తొక్కనివ్వరు. డెమో కోసం బీచ్ రోడ్డు స్తంభాలను మాత్రం హైమకు వదిలారు.

ఆ రోజు హాల్లో మండలి అధ్యక్షుడు డాక్టర్ కమలాకర్, ఆయన పక్కన రిటైరైన భౌతిక శాస్త్రవేత్త సత్యవతమ్మ కూర్చున్నారు.

"ఏదీ, చూపించమ్మా" అన్నాడు కమలాకర్ ఆవులింత ఆపుకుంటూ.

కిటికీలోంచి పడవ పందేలు కనిపిస్తున్నాయి. హైమ మీట నొక్కింది. ముల్లు అటు తిరిగి, గుడ్డిగా వెలిగింది.

"ఇంతేనా?" కమలాకర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చూడమ్మాయ్, నేను చెబుతున్నానని కాదు గానీ, ఆ వెలుగు ఎర్రగా పెట్టాల్సింది. మా రోజుల్లో అయితే..."

ముల్లు గిర్రున తిరిగి ఆయనకు గురిపెట్టింది. బిళ్ల పచ్చగా ధగధగలాడింది.

యంత్రం పాడైందనుకుంది హైమ. బిళ్లను ఆపి, మళ్లీ వేసింది. హాలు అవతలి మూలకు వెళ్లి చూసింది. ముల్లు ఆయన్ను వదల్లేదు.

"సెన్సర్ మీద దుమ్ము పడిందేమో" అంది సత్యవతమ్మ. "నా మాట విని ఒక్కసారి తుడువు. మెత్తటి గుడ్డతో సుమా!"

ముల్లు కమలాకర్‌ను వదిలి ఆమె వైపు తిరిగింది. ఇద్దరూ మాట ఆపారు. ముల్లు మళ్లీ కిటికీకేసి తిరిగి మసకబారింది.

సత్యవతమ్మ కళ్లజోడు సవరించుకుంది. "కమలాకర్ గారూ, ఈ అమ్మాయికి ఇంకేదైనా సలహా చెప్పండి."

"దేని గురించి?"

"దేని గురించైనా."

"తడి తలతో బయటికి రాకమ్మా, జలుబు చేస్తుంది."

బిళ్ల వెలిగిపోయింది. సత్యవతమ్మ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "యంత్రం నిక్షేపంలా ఉందమ్మా! ఉచిత సలహాను మించిన కాలక్షేపం మనకు ఇంకొకటి లేదన్నమాట."

"మరి వినేవాళ్ల సంగతేమిటి?" అన్నాడు కమలాకర్ కాస్త చిన్నబుచ్చుకుని.

"ఇందాకటి నుంచీ వింటున్నది ఈ పిల్లే. ముల్లు దీనివైపు ఒక్కసారైనా తిరిగిందా?"

తిరగలేదు. హైమ బుర్ర చకచకా పనిచేసింది. "వినడానికి యంత్రాలున్నాయి కదండీ! వాటికి అన్నీ తెలుసు. ఏమీ తెలియనట్టు అడగడం నేర్పిస్తే సరి."

మండలి ఒప్పుకుంది.

ఏడాది తిరిగేసరికి, జనం యంత్రాలకు సలహాలు చెప్పే సలహా మండపం పేటకొకటి వెలిసింది. హైమ అన్నయ్యను బతిమాలి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడి గొంతుతో యంత్రం అడిగింది: "అన్నా, గాలికి కంటైనర్ ఊగిపోతోంది. ఏం చెయ్యమంటావు?"

సింహాద్రి యంత్రం వైపు వంగాడు. "ముందు నువ్వు కంగారు పడకురా" అన్నాడు. ఇక పొద్దుగూకే దాకా ఆగలేదు. బయట నిలబడ్డ హైమ చేతిలో ముల్లు నిండుగా వెలిగింది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

అప్పటి నుంచి అతను రోజూ వెళుతున్నాడు. కడుపునిండా తింటున్నాడు. ఒకరోజు భోజనాల దగ్గర హైమ ఉండబట్టలేక అడిగేసింది.

"అది యంత్రమని తెలుసు కదన్నయ్యా?"

"తెల్దేటి? ఆడికి నాకన్నా ఎక్కువే తెలుసని కూడా తెలుసు. అయితేనేటి, అడిగినాడు గదా. ఇన్నాళ్లూ నన్నెవులడిగినారు?"

హైమకు సిగ్గేసింది. ఇంత పెద్ద యంత్రం కనిపెట్టింది గానీ అన్నను ఒక్క మాట అడగాలని తనకు తోచనేలేదు.

"నాకు చెప్పన్నయ్యా. ఊగే కంటైనర్‌ను ఎలా ఆపేవాడివి?"

సింహాద్రి మొహం విప్పారింది. "ఎదురు లాక్కూడదమ్మా. అది ఎటు ఊగితే క్రేనూ అటే ఎల్లాల. అలాగ దాని ఎనకాలే ఎల్లి..."

"ఓ, లోలకం సూత్రం! కానీ అది కాదన్నయ్యా, నా మాట విని ముందే తాడు పొడవు సరిచూసుకుని ఉంటే అసలు ఊగేదే కాదు. పైగా గాలి వేగాన్ని..." హైమ గడగడా చెప్పుకుపోయింది. చేత్తో గాల్లో బొమ్మలు గీసి మరీ వివరించింది. తనకెంత హాయిగా ఉందో ఉన్నట్టుండి ఆమెకే తెలిసింది. నాలిక కరుచుకుంది.

సింహాద్రి అంతా ఓపిగ్గా విన్నాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికన్నయ్యా? చెప్పు, ఈసారి వింటాను."

"పోనీలేమ్మా, నువ్వు తిను" అన్నాడతను నొప్పించకుండా. "మండపానికి ఎల్లొస్తాను. ఆడు ఎదురుసూస్తంటాడు."