పుర్రచేతి నడక

"తీసెయ్! ఆ కంచం నా ముందునుంచి తీసెయ్!"

సూర్యకాంతమ్మ ఒక్క తోపు తోసేసరికి కంచం బల్ల అంచు దాటి కిందపడి గిర్రున తిరిగింది. నెయ్యి వేసి కలిపిన పప్పన్నం గచ్చు నిండా చెల్లాచెదురైంది. మంజుష చేతిలో చెంచా గాలిలోనే ఆగిపోయింది... అప్పుడు చూసుకుంది, ఆ చెంచా ఏ చేతిలో ఉందో! కంగారులో ఎడమ చేత్తో పట్టుకుంది. అత్తగారి నోటికి ఎడమ చేత్తో అన్నం పెట్టబోయింది!

"పుర్రచేత్తోనా? నాకు పుర్రచేత్తో పెడతావా? మంచాన పడ్డ మనిషికి మర్యాద కూడా అక్కర్లేదా మంజుషా?" అంటూ సూర్యకాంతమ్మ గోడవైపు ముఖం తిప్పేసుకుంది.

ఏడు వారాల క్రితం ఒకరోజు పొద్దున్నే, పనిమనిషిని కేకలేస్తూ కేకలేస్తూనే ఆవిడ కుప్పకూలిపోయింది. పక్షవాతం! కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది, కుడికాలు సగం పనిచేస్తోంది. మాట మాత్రం పోలేదు. "మాట నిలవడం మీ అదృష్టం" అని డాక్టరుగారు అన్నప్పుడు, ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఆ మాటల కిందే బతికిన మంజుష కూడా దేవుడికి మనస్ఫూర్తిగా దణ్ణం పెట్టుకుంది. అత్తగారి నోరు లేని ఇంటిని ఆమె ఊహించుకోలేకపోయింది మరి!

అసలు కష్టం తిండి దగ్గర వచ్చింది. భీమవరంలో ఆ వీధి వీధంతటికీ వండి వడ్డించిన మనిషి, ఒకరి చేత తినిపించుకోనంది. పోనీ ఎడమ చేత్తో తినండి అంటే ఇంతెత్తున లేచింది. గ్లాసు మాత్రం ఎడమ చేత్తో పట్టుకుంటుంది. భోంచేసేటప్పుడు కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి లోకంలో అందరూ నీళ్ళు అలాగే తాగుతారు, దానికి తప్పులేదట! ముద్ద మాత్రం ముట్టదు. మజ్జిగ, జావ, బార్లీ నీళ్ళు... ఏడు వారాలు అంతే! మనిషి సగమైపోయింది. జాకెట్లు భుజాలమీద నిలవడం లేదు. "ఇంకో పదిరోజులు చూస్తానండి, అప్పటికీ అన్నం తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందే. ఈ వయసులో, ఈ నీరసంలో అది కూడా ఎంతవరకు కాపాడుతుందో చెప్పలేను" అన్నారు డాక్టరుగారు.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. భీమవరం రాజుల ఇంట్లోనే మొండిమనిషి ఉంటే ఇక చెప్పేదేముంది! నిన్న మంజుష భర్త రవితేజ రొయ్యల చెరువుల దగ్గర్నుంచి వచ్చి, తల్లి కాళ్ళు పట్టుకుని ఏడిస్తే, ఒక్క పూట కోడలి చేత తినిపించుకోవడానికి ఒప్పుకుంది. ఆ ఒక్క పూటనూ మంజుష ఎడమ చెయ్యి పాడుచేసింది.

గచ్చుమీద మెతుకులు ఏరుతుంటే మంజుషకు కన్నీళ్ళతో చూపు ఆనలేదు. పుట్టింట్లో ఈ చేతిని ఎవరూ ఏమీ అనలేదు. తండ్రి ముద్దుచేశాడు కూడా! ఈ గుమ్మంలో అడుగుపెట్టిన రోజున హారతి పళ్ళేనికి ఎడమ చెయ్యి చాచినప్పుడు మొదలైంది. కూర వడ్డించబోతే, బియ్యం కొలవబోతే, దీపం వెలిగించబోతే, "ఆ చెయ్యి!" అని ఒక్కటే మాట. ఆ మాట వినపడగానే ఎడమ చెయ్యి దానంతటదే పమిటచాటుకు వెళ్ళిపోవడం నేర్చుకుంది.

ఆ చెయ్యి బయటికి వచ్చే చోటు ఊళ్ళో ఒక్కటే ఉండేది. రూతు టీచరుగారి ఇల్లు! ఆవిడ మిషన్ స్కూల్లో సంగీతం చెప్పి రిటైరయ్యారు. మంజుష కూతురు కీర్తిప్రియ చిన్నప్పుడు అక్కడికి కీబోర్డు నేర్చుకోవడానికి వెళ్ళేది. పిల్ల ఇంజనీరింగుకని హాస్టలుకు వెళ్ళిపోయాక, ఫీజు పుస్తకం తిరిగిచ్చేద్దామని వెళ్ళిన తల్లిని టీచరుగారు ఆపేశారు. "ఇన్నేళ్ళు బయట బెంచీమీద కూర్చుని ఎడమ చేత్తో తాళం వేసింది మీరేగా? లోపలికి రండమ్మా, మీరు నేర్చుకోండి" అన్నారు.

ఆ ఇంట్లో ఒక పాత ఆర్గాన్ ఉంది. టీచరుగారి భర్త ఒకప్పుడు ఓడల్లో బ్యాండులో వాయించేవారట, దాన్ని ఆయనే తెచ్చారు. దానికి హార్మోనియంలా మెట్లు, కాకపోతే రెండు వరసలు. పై వరస కుడిచేతిది, కింది వరస ఎడమ చేతిది. కాళ్ళతో తొక్కే బద్దలు ఎప్పుడో పాడైపోయాయి. "అందుకని బేస్, ఆ కింది లావు స్వరాలన్నీ, మీ ఎడమ చెయ్యే మొయ్యాలి. జాజ్‌లో దీన్ని వాకింగ్ బేస్ అంటారమ్మా. నాలుగు దెబ్బలకి నాలుగు అడుగులు, అడుగుకో స్వరం. ఆగకూడదు, పరిగెత్తకూడదు. కార్డు అంటే కలిసి మోగే స్వరాల గుత్తి. నాలుగో అడుగు తర్వాతి కార్డు పక్కమెట్టు మీద పడితే, మొదటి అడుగు తిన్నగా ఇంట్లోకి వెళ్తుంది. కుడిచెయ్యి పైన ఎన్ని కులుకులైనా కులకనివ్వండి, పాట నిలబడేది ఎడమ చేతిమీదే!" అన్నారావిడ.

ఆ చివరి మాటకు మంజుష అక్కడే ఏడ్చేసింది. తన ఎడమ చేతిమీద ఏదైనా నిలబడుతుందని చెప్పినవాళ్ళు లేరు ఆమెకు!

ఆ నడక అంత సులువుగా రాలేదు. కుడిచెయ్యి దెబ్బ తప్పించి వాయించగానే ఎడమ చెయ్యి కూడా దానివెంటే పోయేది. రెండింటినీ విడదీయడానికి మూడు నెలలు పట్టింది. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళకు వెళ్ళి, ఆవిడ లేచేసరికి వచ్చేసేది. రవితేజకు తెలుసు. "అమ్మకి తెలియనంతవరకు నీ ఇష్టం" అని నవ్వేసేవాడు. అలా ఎనిమిది నెలలు గడిచాక అత్తగారు పడిపోయారు. మంజుష ఆర్గాన్ సంగతే మరిచిపోయింది.

కంచం పడిన సాయంత్రమే రూతు టీచరుగారు చేతిలో బత్తాయిల సంచితో గుమ్మంలో నిలబడ్డారు.

"ఎలా ఉన్నారు సూర్యకాంతమ్మగారూ? మా స్టూడెంటు ఏడు వారాలైనా రాకపోతే ఏమైందోనని బెంగపెట్టుకున్నానండి. ఇప్పుడే తెలిసింది."

"ఏం స్టూడెంటండి?"

"మంజుషగారేనండి! ఆర్గాన్ నేర్చుకుంటున్నారుగా. ఆ ఎడమ చెయ్యి ఉందండీ... నలభై ఏళ్ళు పిల్లలకి చెప్పాను, అలాంటి చెయ్యి చూళ్ళేదు!"

కాఫీ తెస్తున్న మంజుష గుమ్మంలోనే ఆగిపోయింది! ఎనిమిది నెలల దొంగతనం ఒక్క క్షణంలో బయటపడింది. ఇంకేం మాటలు వినాలో, ఈ కోపంలో ఆవిడ ఆ మజ్జిగ కూడా మానేస్తే... భగవంతుడా!

సూర్యకాంతమ్మ తలగడ మీద తల ఇటు తిప్పింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఎడమ చెయ్యి వాయిస్తే, మరి కుడిచెయ్యేం చేస్తుందండి?"

"పైన పాట వాయిస్తుందండి. అది ఒకవేళ ఆగిపోయినా, నడక ఆగదు."

"ఆగదా?"

"ఆగదండి."

ఒళ్ళో చచ్చుబడి పడున్న కుడిచేతిని చూసుకుంటూ సూర్యకాంతమ్మ, "ఆ పెట్టె మా ఇంటికి వస్తుందా?" అంది.

మంజుష నమ్మలేకపోయింది. రూతు టీచరుగారు మాత్రం ఏమాత్రం ఆలోచించలేదు. "నా వేళ్ళకి కీళ్ళవాతం వచ్చి రెండేళ్ళయిందండి. ఊరికే దుమ్ము తుడుస్తున్నాను. రేపే పంపిస్తాను" అన్నారు. భర్త గుర్తుగా మిగిలిన వస్తువు! అంత తేలిగ్గా ఇచ్చేసిన ఆ తల్లికి మంజుష గుమ్మం దాకా వెళ్ళి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

మర్నాడు రొయ్యల మేత తెచ్చే ట్రాలీ ఆటోలో ఆర్గాన్ దిగింది. హాల్లో సూర్యకాంతమ్మ మంచం పక్కనే పెట్టించారు.

"ఊఁ, వాయించు" అంది అత్తగారు.

మంజుష కూర్చుంది. కుడిచెయ్యి మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి నాలుగడుగులు వేసి... ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి ఆ చెయ్యి మెట్లు వదిలేసి నేరుగా పమిట చాటుకు వెళ్ళిపోయింది!

"ఆపావేం?"

"మీ ముందు ఈ చెయ్యి కదలదండి అత్తయ్యగారూ... ఇరవై ఏళ్ళు దాన్ని దాచడమే నేర్చుకున్నాను. మీరు చూస్తుంటే నా వల్ల కాదండీ!" అని మంజుష భోరుమంది. పెళ్ళయిన నాటినుంచి అత్తగారికి ఎదురుమాట చెప్పడం అదే మొదటిసారి!

సూర్యకాంతమ్మ తల వెనక్కి వాల్చింది. కళ్ళు మూసుకుని పడుకుని, "నేను చూడనులే. వాయించు" అంది.

ఆవిడ కళ్ళు మూసుకున్నాక నడక వచ్చింది. రెండు రోజులు అలాగే సాగింది. మూడోరోజు మంజుష వాయిస్తూ వాయిస్తూ పక్కకు చూసి నిర్ఘాంతపోయింది. అత్తగారి ఎడమ చేతి వేళ్ళు మంచం పట్టెమీద నడుస్తున్నాయి! ఒక్క దెబ్బ కూడా తప్పడం లేదు. తను మూడు నెలలు కష్టపడి నేర్చుకున్న నిలకడ ఆ వేళ్ళలో అప్పటికే ఉంది.

"అత్తయ్యగారూ, రండి. ఇలా కూర్చోండి."

"నేనా? ఛీ ఛీ, ఈ వయసులో నాకెందుకే!" అంటూనే ఆవిడ కాలు కిందికి దించింది.

మంజుష నడుం చుట్టూ చెయ్యివేసి కూర్చోబెట్టింది. కీర్తిప్రియ చిన్నప్పటి బొట్టుబిళ్ళలు వెతికి తెచ్చి, వేలు ఎక్కడెక్కడ పడాలో మెట్లమీద అంటించింది. మూడే కార్డులు, నాలుగేసి అడుగుల బార్లు పన్నెండు. మొదటిరోజు నాలుగు బార్లు దాటలేదు. "ఛ, మళ్ళీ ముందు నుంచి!" అని ఆవిడే అనేది. పొద్దున్నే లేచి, మొహం కడుక్కోగానే ఆర్గాన్ దగ్గర కూర్చోబెట్టమనేది. ఐదోరోజుకల్లా పన్నెండు బార్లూ వచ్చేశాయి. వినడానికి వచ్చిన రూతు టీచరుగారు, "ముందు వచ్చిన చెవులకన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి అంటారు, చూశారా మంజుషగారూ!" అని ఆటపట్టించారు. సూర్యకాంతమ్మ నవ్వింది. పక్షవాతంతో వంకర తిరిగిన ఆ నవ్వు చూసి రవితేజ పెరట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంత జరిగినా అన్నం మాత్రం ముట్టలేదు! డాక్టరుగారు ఇచ్చిన గడువులో ఇంకొక్కరోజే మిగిలింది. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి రవితేజ బట్టలు కూడా సర్దిపెట్టాడు.

ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్ళు ఒకే బల్లమీద పక్కపక్కన కూర్చున్నారు. కింది వరస మీద అత్తగారి ఎడమ చెయ్యి నడుస్తుంటే, పై వరస మీద కోడలి కుడిచెయ్యి పాట అందుకుంది. ఒక చుట్టు... రెండు చుట్లు... మంజుష ఎక్కడ తడబడినా కింద నడక ఆగలేదు. పడబోయిన ప్రతిసారీ ఆ చెయ్యే పట్టుకుంది! మూడో చుట్టు పూర్తయ్యాక మంజుష ఉండబట్టలేక అడిగేసింది.

"అత్తయ్యగారూ, కోప్పడకండి... మీదీ పుర్రచేతి వాటమేనాండి?"

సూర్యకాంతమ్మ ముఖం పాలిపోయింది. ఎడమ చెయ్యి తిప్పి, మణికట్టు పైన నున్నగా మెరుస్తున్న మచ్చ చూపించింది.

"ఐదేళ్ళప్పుడు మా నాయనమ్మ అట్లకాడ కాల్చి వాత పెట్టింది. పుర్రచేత్తో అన్నం కలిపానని! మా అమ్మ పక్కనే ఉంది, ఏమీ అనలేకపోయింది. ఆరోజు నుంచి ఈ చేత్తో మెతుకు ముట్టాలంటే నాకు ఒళ్ళు కాలినట్టుంటుంది మంజుషా... చచ్చిపోతాననుకున్నాను గానీ, కలపలేకపోయాను!"

"అయ్యో, అత్తయ్యగారూ..."

"నువ్వు హారతి పళ్ళేనికి ఆ చెయ్యి చాచావు చూడు, నాకు కడుపు మండిపోయింది. దీన్ని ఎవరూ కాల్చలేదే, ఇదెంత హాయిగా చాస్తోంది అని! ఇరవై ఏళ్ళు ఆ మంట నీమీద పోశాను. నువ్వు ఒక్కమాట అనకుండా పడ్డావు. పడి, చివరికి నా చేతిని నాకు తెచ్చిచ్చావు..." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "ఏమిచ్చి తీర్చుకోనమ్మా నీ రుణం?"

మంజుష ఆ చేతిని తీసుకుని, మచ్చమీద తన చెంప ఆనించింది. ఈ మనిషినా తను ఇన్నేళ్ళు రాయి అనుకుంది! ఐదేళ్ళ పిల్ల ఒకతి కాలిన చెయ్యి పట్టుకుని, ఈ ఇంట్లో తన పక్కనే తిరుగుతూ ఉంటే తనకు తెలియనే తెలియలేదు.

"సరే, లే" అంది సూర్యకాంతమ్మ ముక్కు చీదుకుని. "కంచంలో అన్నం పెట్టు."

మంజుష పరుగున వెళ్ళి వడ్డించింది. పప్పు, నెయ్యి, కాస్త ఆవకాయ. పక్కన చెంచా పెట్టబోతే అత్తగారు తోసేసింది. కంచం వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. చెయ్యి చాచింది. ఒకసారి వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాచి, వేళ్ళు అన్నంలో పెట్టింది. గుమ్మంలోకి వచ్చిన రవితేజ అక్కడే బొమ్మలా నిలబడిపోయాడు.

ఆవిడ కలిపింది. మెతుకులు కంచం బయటికి పోయాయి. మొదటి ముద్ద సగం ఒళ్ళోనే పడింది. మిగిలిన సగం నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నమిలింది. మింగింది. రెండో ముద్ద తింది. మూడోది కలిపి, గుండ్రంగా చేసి కోడలి ముందు పెట్టింది.

"నువ్వూ పొద్దుటినుంచి ఏం తినలేదుగా. పుర్రచేతి ముద్ద... తింటావా?"

మంజుష నోరు తెరిచింది. కన్నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. నమలడం కూడా చేతకాలేదు.

"ఏడవకు, ముద్ద గొంతుకు అడ్డం పడుతుంది" అంది సూర్యకాంతమ్మ, తను ఏడుస్తూనే.