పుట్టింటి ఊరివాడు

సోమసుందరం లాంటి మొగుడు పగవాళ్లకి కూడా వద్దు.

చీకట్లో లాడ్జి మెట్లు రెండేసి ఎక్కుతూ కూడా శారదాంబ అదే అనుకుంటోంది.

తాగడు. తిట్టడు. చెప్పడు. మొదటి రెండూ ఓర్చుకోవచ్చు. నర్సీపట్నం బస్టాండు ఎదుట సొంత లాడ్జి, దాని వెనకే కాపురం. అయినా ఏ గదిలో ఎవరు దిగారో పెళ్లానికి చెప్పడు. కౌంటరు మీద రిజిస్టరు ఎప్పుడూ తనవైపే తిప్పి పెట్టుకుంటాడు.

అయిదో నంబరులో ఎవరండీ అని నిన్న అడిగింది.

"మనుషులు" అన్నాడు.

బి.ఏ. చదివిన ఆడది ఏం చేస్తుంది? పెరట్లో తీగ మీద ఆరేసిన బట్టలు చూసి తెలుసుకుంది. బయటికి వాళ్లు జీడిపిక్కల వ్యాపారులమని చెప్పుకుంటారు. తీగ మీద ఖాకీ ప్యాంట్లు. ఏజెన్సీలో సారా బట్టీల మీదికి వెళ్లే ఎక్సైజు వాళ్లు... మఫ్టీలో.

అలాంటి మొగుణ్ని ఇన్నేళ్లూ ఎగతాళి చేసింది.

ఇప్పుడు పైనుంచి తలుపు విరిగిన చప్పుడు!

మేడ మీదికి చేరింది. చేతిలో లాంతరు. ఊరంతా కరెంటు పోయి అరగంటయింది.

ఆరో నంబరు గది. పక్క అయిదో నంబరు వాళ్లు ఇంకా రాలేదు.

తాళం ఊడి వేలాడుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. పరుపు నిలువునా చీరేసి ఉంది. సింగన్న గుడ్డసంచీ నేల మీద... లుంగీ ఒకచోట, అటుకుల పొట్లం ఒకచోట.

సింగన్న లేడు.

వెనక మెట్ల మీద ఎవరో దిగిపోతున్న అడుగులు. దూరంగా... ఇంకా దూరంగా... ఆగిపోయాయి.

శారదాంబ లాంతరు ఎత్తి వెనక మెట్లవైపు చూసింది. వచ్చినవాడెవడో ఆమెకి తెలుసు.

మధ్యాహ్నం తనే వాడికి మంచినీళ్లిచ్చింది!

* * *

సింగన్నది నాతవరం దగ్గర పల్లె. కాలవ నీళ్ల తగాదాలో ఒక రైతుని గట్టు మీదే నరికేశారు. చూసినవాడు సింగన్న ఒక్కడే. రేపు పొద్దున్న మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వాలి. అందాకా దాచమని ప్లీడరు గారు సోమసుందరాన్ని అడిగారు. ఆ మాటలు తలుపు వెనక నుంచి శారదాంబ వింది.

ఆయన దాచాడు. కాని రిజిస్టరులో దొంగపేరు రాయనన్నాడు. రూలు రూలే. పేరు, తండ్రి పేరు, ఊరు, గది నంబరు... అన్నీ నిజాలే, ముత్యాల్లాంటి అక్షరాలతో.

ఆయన బ్యాంకుకి వెళ్లిన వేళ, కౌంటరు దగ్గర శారదాంబ కూర్చుంది. అప్పుడొచ్చాడు వాడు. తెల్లచొక్కా, దువ్విన జుట్టు, మెత్తటి గొంతు. పేరు మన్మథరావట.

"యాజులు మాస్టారి అమ్మాయివి కదూ? మాది కోటవురట్లే. ఏటి చెల్లెమ్మా, అన్నయ్యకి మంచినీళ్లు కూడా ఇవ్వవా?"

అంతే.

పుట్టింటి ఊరి పేరు చెవిన పడితే ఏ ఆడదానికైనా లోపల గడియ దానంతటదే తీసుకుంటుంది. నాన్నగారి బెత్తం సంగతి వాడే ఎత్తాడు. ఆవిడ నవ్వింది. కాఫీ కలిపింది. మాటల్లో మాటగా, నాతవరం నుంచి సింగన్న అనే మా రైతు ఈ ఊళ్లోనే ఎక్కడో దిగాడట అన్నాడు.

ఆవిడ చెప్పలేదు. అంతకంటే ఎక్కువే చేసింది.

రిజిస్టరు వాడివైపు తిప్పింది!

పైగా సింగన్న రాత్రి భోజనానికి వెనకవీధి మెస్సుకి వెళ్తాడని కూడా చేర్చింది. అడగలేదు వాడు. ఆవిడే... కంచం నిండాక మారు వడ్డించినట్టు.

* * *

వెనకవీధి. చీకటి. బురద. చెప్పు తెగింది. రెండోది కూడా విడిచేసి పరిగెడుతోంది.

మెస్సులో కిరసనాయిలు దీపం. వరలక్ష్మమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. సింగన్న ఇవాళ తిండికి రానేలేదంది.

శారదాంబకి ఊపిరి తిరిగింది. ఒక్క క్షణం.

"ఇందాకే మీ అన్నయ్యొచ్చి అతని కోసమే అడిగినాడమ్మా. పొగాక్కి మన కిళ్లీకొట్టు దేవుళ్లు దగ్గరికే ఎల్తాడని సెప్పీసినాను."

"ఎవరో తెలియకుండా ఎలా చెప్పేశావు?"

"తెలీపోడమేటి? శారదాంబగారి అన్నయ్యనన్నాడు. పొద్దున్న టిపినుకొచ్చినప్పుడు మీ నాన్నగారి పేరూ, ఊరూ అన్నీ అడిగితే నానే సెప్పినాను. పుట్టింటోడని మీరు సంబరపడతారని."

శారదాంబకి అప్పుడు అర్థమైంది.

వాడు కోటవురట్ల వాడు కాడు. నాన్నగారి బెత్తం వాడెప్పుడూ చూడలేదు. ఇడ్లీ తింటూ శారదాంబ పుట్టుపూర్వోత్తరాలు ఏరుకున్నాడు. వాటితో లాడ్జి తలుపు తీశాడు. ఆమె పేరుతో ఇప్పుడు ఊరంతా తలుపులు తీస్తున్నాడు!

వరలక్ష్మమ్మని తిట్టబోయింది. తిట్టడానికి తనెవరు?

దేవుళ్లు కిళ్లీకొట్టు. అక్కడా అదే మాట. మీ అన్నయ్యొచ్చాడు, అడిగాడు, చెప్పాను. సింగన్న మాత్రం పొగాక్కి రాలేదు.

చింతపల్లి బస్సు మలుపు తిరిగింది. హెడ్‌లైట్లు వీధిని కడిగేశాయి. గోడవారగా ఒక మోటారుసైకిలు. దాని మీద ఎవరూ లేరు.

ఎక్కడున్నాడు వాడు? ముందున్నాడా? సింగన్నని పట్టేశాడా?

చివరికి మిగిలింది ఒక్క దారి. మొగుడికి చెప్పేయాలి. నేనే చూపించానని చెప్పాలి.

ఇంటివైపు పరిగెత్తింది. లాడ్జి మేడ మీద అయిదో నంబరు కిటికీలో ఇప్పుడు వెలుగుంది.

* * *

వరండాలో సోమసుందరం. పక్కన బల్ల మీద బుడ్డిదీపం. వెనక వంటగది తలుపు, మూసి ఉంది.

"ఏవండీ... సింగన్న ఎక్కడ?"

ఆయన పలకలేదు. అలవాటే.

"ఒక్కసారి నోరు విప్పండి. వాణ్ని చంపేస్తారు."

ఆయన ఆమెని చూడట్లేదు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు.

"చెప్పండి బావగారూ." మెత్తటి గొంతు. "చెల్లెమ్మ ఊరంతా తిరిగి అలిసిపోయింది."

మన్మథరావు!

వాడు ముందు లేడు. కిళ్లీకొట్టు దగ్గర్నుంచీ వెనకే ఉన్నాడు. సింగన్న దగ్గరికి తనే దారి చూపిస్తుందని... లాంతరు పట్టుకుని మరీ!

వాడి చేతిలో నాటు పిస్తోలు. గొట్టం శారదాంబ మెడకి తగిలింది. చల్లగా.

సోమసుందరం పెదవులు బిగించాడు. ప్రాణం పోయినా చెప్పడు. ఆ సంగతి ఆమెకి తెలుసు. పోయేది ఎవరి ప్రాణమో కూడా తెలుసు.

తల వంచింది.

గడప పక్కన చెప్పులు. టైరు చెప్పులు. బురద పట్టినవి. ఆయనవి కావు.

సింగన్న వంటగదిలో ఉన్నాడు! తలుపవతల. రెండడుగుల్లో!

శారదాంబ ఒక్క అడుగు జరిగింది. టైరు చెప్పుల మీద నిలబడింది. చీర కుచ్చెళ్లు వాటి మీద పరుచుకున్నాయి.

ఏడుపు మొదలెట్టింది. అందులో నటన సగమే.

"ఆయన్ని ఏమీ చెయ్యకన్నయ్యా. నేను చెప్తాను. సాయంత్రం గది మార్చారు. ఆరు కాదు. అయిదు."

సోమసుందరం కళ్లు మూసుకున్నాడు.

మన్మథరావు ఆమె మొహంలోకి చూశాడు. మధ్యాహ్నం అడగని సంగతులు కూడా చెప్పిన ఆడది ఇది. దీనికి అబద్ధం ఎక్కడొస్తుంది?

"మంచిదానివి చెల్లెమ్మా" అన్నాడు.

మెట్ల మీద అడుగులు. పైకి... ఇంకా పైకి...

తలుపు మీద రెండు దెబ్బలు. మెత్తగా, మర్యాదగా.

"తలుపు తియ్యండి. శారదాంబగారి అన్నయ్యని."

గడియ తీసిన చప్పుడు.

ఢామ్!

* * *

మన్మథరావుని తాళ్లతో కట్టి కిందికి ఈడ్చుకొచ్చారు ఎక్సైజు వాళ్లు. వాళ్ల వెనక మత్స్యలింగం. గడియ తీసింది ఆ కుర్ర కానిస్టేబులే. మన్మథరావు గుండు తగిలి భుజం నిండా నెత్తురు. బతుకుతాడన్నారు. చెయ్యి సంగతి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అతన్ని జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లారు.

మెట్ల మీద పడ్డ నెత్తుటి మరకల్నే చూస్తోంది శారదాంబ. ఆ అబ్బాయి ప్యాంటు ఇంకా తీగ మీదే ఉంది.

వంటగది తలుపు తెరుచుకుంది. సింగన్న బయటికొచ్చి గడప పక్కన వెతికాడు.

"అమ్మా... నా సెప్పుల మీద నిలబడిపోనారు."

శారదాంబ పక్కకి జరిగింది.

కరెంటొచ్చింది. ఎస్సై కౌంటరు ముందు కూర్చుని రిజిస్టరు తిరగేస్తున్నాడు. సింగన్నని గది నుంచి ఎప్పుడు తప్పించారని అడిగాడు. బ్యాంకు నుంచి రాగానే అన్నాడు సోమసుందరం. ఎందుకని అడిగితే, రిజిస్టరు అటువైపు తిరిగి ఉందండీ అన్నాడు.

శారదాంబ తలెత్తి మొగుణ్ని చూసింది. మధ్యాహ్నం నుంచీ తెలుసు ఈయనకి. ఒక్క మాట అడగలేదు. ఒక్క మాట అనలేదు.

"వాడికి ఎవరు చూపించారు?" ఎస్సై అడిగాడు.

"తెలీదండీ" అన్నాడు సోమసుందరం.

రూలు కోసం దొంగపేరు రాయని మనిషి. ఆయన నోట అబద్ధం వినడం ఆమెకి అదే మొదలు.

ఎస్సై రిజిస్టరు మూశాడు. పోలీసులు అడిగితే చూపించాలని రూలుంది కాని, వేరేవాళ్లకి చూపిస్తే నేరమని తనకి తెలిసి ఎక్కడా లేదన్నాడు. పేరు కూడా తెలియదంటున్నారు కాబట్టి ఆ సంగతి వదిలేద్దామన్నాడు. కలానికి మూత పెట్టాడు.

వదిలేయొచ్చు. ఎవరూ అడగరు. మొగుడు ఎలాగూ అడగడు.

శారదాంబ ముందుకొచ్చింది. కౌంటరు మీది రిజిస్టరుని రెండు చేతులతో మొగుడివైపు తిప్పి పెట్టింది. ఎస్సైవైపు తిరిగింది.

"సింగన్న గది నేనే చూపించానండీ. తర్వాత ఆ కుర్రాడి గది కూడా నేనే చెప్పాను. వాళ్లెవరో తెలిసే చెప్పాను. నేరమో కాదో మీరు చూసుకోండి. రెండుసార్లూ తప్పు నాదే."