కాలిన ఇంటి పేర్లు

కోర్వెన్ వాగు పక్కన పైకప్పు లేని రాతి ఇల్లొకటి ఉంది. అదంటే లోయ మొత్తానికీ హడలే. చలికాలం మొదట్లో ఏడాదికో రాత్రి అందులోంచి పేర్లు వినిపిస్తాయట... ఎవరూ ఎరగని పేర్లు. పశువుల్ని తోలుకొచ్చేవాళ్ళు సైతం పొద్దు వాలితే వాగు అవతలే ఆగిపోయేవాళ్ళు.

ఆ రాత్రి ఫార్కర్‌కి ఆగే వీల్లేకపోయింది. మాక్‌కోర్వెన్ తెగకి వంశావళి చదివేవాడు అతనే. తెల్లారితే వాగు అవతలి కొండమీద కొత్త దొరకి పట్టం. పద్దెనిమిది తరాల పేర్లూ తప్పకుండా చెప్పాలి. తప్పితే ఆ పనీ పోతుంది, దొర ఇచ్చిన ఇల్లూ పోతుంది.

"కంఠతా వచ్చినవేగా, ఇంకా ఆ గొణుగుడేంటి?" బయల్దేరేటప్పుడు పెళ్ళాం వెక్కిరించింది. "ఆ ఇంటి దగ్గర మాత్రం నోరు మూసుకుని నడువు."

మూసుకోలేదు. భయం పోవాలని గట్టిగానే మొదలుపెట్టాడు.

"ఐర్లాండ్ నించి పడవలో వచ్చిన మన మూలపురుషుడు కోర్మక్. వచ్చేసరికి లోయ ఖాళీగా ఉంది..."

"ఖాళీగా లేదు."

గుసగుస... గోడ అవతల్నించి.

ఫార్కర్‌కి అడుగు పడలేదు. గాలేమో — గాలే అయ్యుంటుంది.

"నెక్టన్... వాడి తమ్ముడు డ్రోస్టన్... వాళ్ళమ్మ డెరిలే..."

పారిపోవాల్సింది. కానీ పేర్లు వల్లించడమే బతుకైనవాడాయె. అదీ వంశావళేనని చెవికి తెలిసిపోయింది. గుమ్మంలోంచి తొంగి చూశాడు.

చిన్న నిప్పు. దాని పక్కన ఉన్ని శాలువా కప్పుకున్న ఆకారం... మెల్లగా తల తిప్పింది.

కొత్త దొర తల్లి, గోర్మల్!

"అమ్మగారూ! మీరా... ఈ వేళప్పుడు?"

"అరవకు. కూర్చో," అందామె. "కోర్మక్ ఈ ఇంటికి నిప్పు పెట్టాడు, ఫార్కర్. ఆరుగురు లోపలే మాడిపోయారు. మిగిలిన పిల్లని ఎత్తుకెళ్ళి పెళ్ళాడాడు. మనమంతా ఆ పిల్ల కడుపున పుట్టినవాళ్ళమే."

ఫార్కర్ నిప్పు పక్కన చతికిలబడ్డాడు.

"మా ఇంట్లో అత్త కోడలికి చెప్తుంది. వాళ్ళు పోయిన రోజున ఇక్కడికొచ్చి తలుచుకుంటాం. జనం దెయ్యమనుకున్నారు. పోన్లే, ఎవరూ రారని ఊరుకున్నాం."

"మరి నాకెందుకు చెప్తున్నారు?"

"నాకింకా కోడలు రాలేదు. నిన్న దగ్గితే నెత్తురు పడింది."

తెల్లారేదాకా ఆమె ఆ ఆరుగురి పేర్లూ, వాళ్ళ ముందు తరాల పేర్లూ చెప్తూనే ఉంది. అతను వల్లిస్తూనే ఉన్నాడు.

పొద్దున్న కొండమీద, తెగంతా చూస్తుండగా, ఫార్కర్ నోరు తెరిచాడు.

"కోర్మక్ వచ్చేసరికి... లోయలో ఒక ఇల్లుంది."

ఆ ఇంట్లో మాడిపోయినవాళ్ళలో నాలుగో పేరు దగ్గరికొచ్చేసరికి మగాళ్ళ చేతులు బాకుల మీదికి పోయాయి.

"ఎవడు నేర్పాడ్రా నీకీ కూతలు?" కొత్త దొర మీదికొచ్చాడు.

ఫార్కర్ గోర్మల్ వైపు చూడకుండా తల దించుకున్నాడు.

అప్పుడు... జనం వెనకనించి, గొర్రెలు కాసుకునే ముసలమ్మ ఒకత్తి లేచి ఐదో పేరు చెప్పింది. మరో పక్కనించి, చేపలమ్మే ముసలమ్మ — ఆరోది. ఆ తర్వాత ఇంకొకత్తి లేచింది... ఆమె వెనకాల మరొకత్తి...

దొర బాకు సగం దూసి తల్లి వైపు చూశాడు.

గోర్మల్ అతన్ని చూడటం లేదు. నిలబడ్డ ఆడవాళ్ళనే, పాలిపోయిన మొహంతో, ఒక్కొక్కరినే చూస్తోంది. ఇన్నేళ్ళూ ఆ పేర్లు తమ ఇంట్లో తప్ప ఎవరికీ తెలియవనుకుందామె.