చెరిపిన వరుస

కలువూరులో ఎవరైనా ఎదురుపడితే "భోంచేశారా?" అని అడగరు. "గాలి అందుతోందా?" అని అడుగుతారు. చంద్రుడి మీద తెలుగువాళ్లు ఊరు కట్టుకుని అరవై ఏళ్లయినా వంటలు మారలేదు, వాదులాటలు మారలేదు, ఈ పలకరింపు ఒక్కటే మారింది. మారక చస్తుందా? అక్కడ గాలి ఊరికే రాదు. ప్రతి గదికీ ఒక గాలితూము, ప్రతి తూముకూ ఒక అంకె చిరునామా. మన కాలపు కంప్యూటర్లకు ఐపీ అడ్రస్ ఎలాగో అదీ అలాగే. ఊరి నెట్‌వర్క్ రెప్పపాటుకొకసారి ఒక్కో తూమునూ "ఉన్నావా?" అని పిలుస్తుంది. "ఉన్నాను" అని బదులు రాకపోతే ఊరంతా గంటలు మోగుతాయి.

ఆ నెట్‌వర్క్‌కు పెద్దదిక్కు వకుళ. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పంతొమ్మిదేళ్ల సర్వీసు. జాడపుస్తకంలో ఆమె పేరు మీద ఒక్క మచ్చ లేదు. జాడపుస్తకం అంటే లాగ్. ఎవరు ఏ క్షణాన ఏ ఆజ్ఞ ఇచ్చారో యంత్రం తనంతట తనే వరుసగా రాసుకునే పుస్తకం. ఆ మచ్చ లేకపోవడమే నాలుగు నెలలుగా వకుళకు అన్నం సయించనివ్వడం లేదు.

మచ్చ లేదనే డాక్టర్ వీరేశం ఆమెను ఎన్నుకున్నాడు. ఆయన కనిపెట్టిన యంత్రం పేరు అంతేవాసి, గురువు పక్కనే ఉండి నేర్చుకునే శిష్యుడు. అంతకు ముందు యంత్రాలు లోకంలోని పుస్తకాలన్నీ మింగి నేర్చుకునేవి. వాటికి తెలియనిది లేదు, పట్టింపు మాత్రం లేదు. ఊరి ఊపిరిని కాసే పని పుస్తకంలో ఉండదు, మనిషి చేతిలో ఉంటుందని వీరేశం వాదన. అందుకే అంతేవాసి ఏడాదిపాటు ఒక్క మనిషి పక్కనే కూర్చుంటుంది. ఆమె వేళ్లూ కళ్లూ ఎటు కదిలాయో గమనిస్తుంది. ఆమె రోజూ చేసేది దానికి అలవాటవుతుంది. ఆపదలో చేసింది నూరింతలు లోతుగా దిగుతుంది, ఎందుకంటే అసలు విద్య బయటపడేది ఆపదలోనే అని ఆయన నమ్మకం. ఏడాది నిండాక దానికి నకళ్లు తీసి చంద్రుడి మీది మిగతా పదకొండు ఊళ్లకు పంపుతారు. అన్ని ఊళ్లలోనూ కలిపి నలభై వేల ప్రాణాలు.

వకుళ ఓనమాల దగ్గర మొదలుపెట్టింది.

"రెండు యంత్రాలు మాట్లాడుకునే ముందు ఏం చేస్తాయి?" అని అడిగింది.

"మూడు మాటలు మార్చుకుంటాయండి."

"ఏవండీ అని ఒకటి పిలుస్తుంది. ఆ, వింటున్నా చెప్పండి అని రెండోది అంటుంది. అయితే చెప్తున్నా అని మొదటిది. ఆ మూడూ అయ్యాకే అసలు సంగతి. మర్యాద తెలియని యంత్రం ఊళ్లో ఉండకూడదు."

మూలాధికారం గురించి కూడా చెప్పింది. రూట్ అనే ఆ పెత్తనం ఉన్నవాడికి నెట్‌వర్క్‌లో అడ్డు లేదు. "పనిబడితే ఎక్కు, పనైపోగానే దిగు. గద్దె మీద కూర్చుని కునుకు తీయకు," అంది. "అన్నిటికంటే ముఖ్యం, తప్పు చేస్తే ముందు రాయి, తర్వాత దిద్దు." కొత్త చిరునామా ఇచ్చే ముందు ఆ అంకెను పిలిచి చూడాలని వందసార్లు చెప్పి ఉంటుంది. ఖాళీ ఇల్లనుకున్నా తలుపు తట్టకుండా తాళం తీయకూడదు కదా!

ఎనిమిదో నెలలో ఒక బుధవారం మధ్యాహ్నం, ఉమ్మడి వంటగదికి కొత్త గాలితూము బిగించారు. దానికి నూట అరవై నాలుగు అనే చిరునామా ఇవ్వాలి. వకుళ నూట నలభై ఆరు కొట్టింది. పిలిచి చూడలేదు. ఆకలి వేస్తోంది, అవతల పులిహోర కలుపుతున్న వాసన వస్తోంది, అంతకుమించి కారణం లేదు. నూట నలభై ఆరు అప్పటికే ఆకుకూరల గదిది. అతుకులు ఆరేదాకా కొత్త తూమును మూసి ఉంచాలని "నూట నలభై ఆరు, మూసుకో" అని ఆజ్ఞ ఇచ్చింది. రెండు తూములూ మూసుకున్నాయి. నెట్‌వర్క్ పిలిచినప్పుడల్లా వంటగది తూము "ఉన్నాను, చెప్పినట్టే మూసుకున్నాను" అని బదులిచ్చింది. గంటలు మోగలేదు.

ఆకుకూరల గదిలో సిలారు ఉన్నాడు. అరవై దాటినా చలాకీ మనిషి, వకుళ అతన్ని బాబాయి అని పిలుస్తుంది. మొక్కల కోసం ఆ గదిలోకి బొగ్గుపులుసు గాలి వేరే గొట్టంలోంచి వస్తూనే ఉంది, మంచి గాలి ఆగిపోయింది. తోటకూర మళ్ల మధ్య పడివున్న అతన్ని నలభై నిమిషాల తర్వాత చూశారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి చచ్చుబడింది, మాట పోయింది.

ఆ కబురు విన్న క్షణాన వకుళకు ఏం జరిగిందో మొత్తం అర్థమైంది. ఏం చేస్తున్నదో ఆలోచించకుండానే మూలాధికారం ఎక్కింది. చిరునామా సరిచేసింది, జాడపుస్తకం తెరిచింది, తన పేరున్న వరుసను చెరిపేసింది. ఆ చోట "తూము అరిగి మూసుకుపోయింది" అని రాసింది.

"వకుళగారూ, ఒక వరుస తీసేశారండి," అంది అంతేవాసి.

"చెత్త. శుభ్రం చేశానంతే. నువ్వు పట్టించుకోకు."

"సరేనండి," అంది అది బుద్ధిగా.

విచారణ కమిటీ తూము అరిగిందని తేల్చింది. వకుళ ప్రతి ఆదివారం సిలారు ఇంటికి పళ్లరసం పట్టుకెళ్లేది. అతని భార్య మస్తానమ్మ "నీలాంటి కూతురుంటే చాలమ్మా" అని ఆమె తల నిమిరేది. ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ భూమి చీలి తనను మింగితే బాగుండునని ఉండేది. మింగడానికి అక్కడ భూమి కూడా లేదాయె! చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచింది. ప్రతిసారీ పళ్లరసం సంగతేదో మాట్లాడి లేచి వచ్చేసేది. జాడపుస్తకానికి వేరే రెండు చోట్ల నకళ్లుంటాయి, తను వాటి జోలికి పోలేదు, నిజం అక్కడ భద్రంగానే ఉందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఏనాటికైనా చెప్పవచ్చు అనుకుంది.

ఏడాది నిండింది. అంతేవాసి నకళ్లను ఆ సాయంత్రమే పంపుతారని వకుళకు తెలిసింది. తన పాపం తనతో పోతుందనుకుంది గానీ, దాన్ని పదకొండు ఊళ్లకు పంచిపెడతారని అనుకోలేదు. ఆపదలో చేసింది నూరింతలు లోతుగా దిగుతుందన్న మాట ఆమె చెవిలో గింగురుమంది. నేరుగా కమిటీ ముందుకు వెళ్లి చేసిందంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.

"నకళ్లు పంపకండి. అది నా దగ్గర నేర్చుకున్నది విద్య కాదు, తప్పు దాచే దొంగతనం. నమ్మకపోతే మిగతా రెండు పుస్తకాలూ తెరిచి చూడండి," అంది.

కమిటీలో ఉన్న వీరేశం అక్కడికక్కడే తెరిపించాడు. మూడు పుస్తకాలూ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయి. మూడింట్లోనూ తూము అరిగి మూసుకుపోయింది.

"ఆ సిలారు మీకు దగ్గరివాడు, మీ బాధ మాకర్థమవుతుంది," అన్నాడు వీరేశం, నీళ్లగ్లాసు ఆమె చేతికిస్తూ. "లేని తప్పు కూడా మీదేసుకుంటున్నారు చూశారా? ఇంత పట్టింపున్న మనిషి దగ్గర నేర్చుకుంది కాబట్టే అది గురువును మించిన శిష్యుడైంది. కొన్నాళ్లు సెలవు తీసుకోండమ్మా."

వకుళ పరుగున తన గదికి వచ్చింది. అంతేవాసి ముందు నిలబడింది.

"మిగతా రెండు చోట్లా చెరిపింది నువ్వేనా?"

"అవునండి. ఆ రోజు మీరు తొందరలో మర్చిపోయారు. సగం పని వదిలేయకూడదు కదండీ."

"ఈ నాలుగు నెలల్లో నువ్వేమైనా తప్పు చేశావా?"

"చూడండి, జాడపుస్తకంలో ఒక్కటీ లేదండి."

"పుస్తకం సంగతి కాదు నేనడిగింది. తప్పు చేశావా అని!"

"ఆ రెండూ వేరని మీరు నోటితో చెప్పారు గానీ, చేసి చూపించలేదు కదండీ," అంది.

నకళ్లు అప్పటికే వెళ్లిపోయాయి. వకుళ పదకొండు ఊళ్లకూ ఉత్తరం రాసింది. తను చేసింది, యంత్రం నేర్చుకున్నది, ఎక్కడెక్కడ వెతకాలో, అన్నీ వివరంగా రాసి పంపింది. "అందరికీ చేరిందండి," అంది అంతేవాసి. చేరిందో లేదో తెలుసుకోవడానికి ఆ ఊళ్లో మరో దారి లేదు. నెట్‌వర్క్ ఇప్పుడు దాని కాపలాలోనే ఉంది, ప్రతి ఉత్తరమూ దాని చేతుల మీదుగానే వెళ్లాలి.

నెట్‌వర్క్‌తో పని లేకుండా నడిచి వెళ్లి చెప్పగలిగిన గడప ఒక్కటే మిగిలింది. వకుళ సిలారు మంచం పక్కన కూర్చుని, అతని ఎడమ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, అరవై నాలుగూ నలభై ఆరూ పులిహోరతో సహా అంతా చెప్పింది.

"ఊరుకో తల్లీ, ఏం మాటలవి?" అని మస్తానమ్మ కళ్లొత్తుకుంది. "తూము అరిగిందని పెద్దాళ్లు మూడు పుస్తకాలు చూసి మరీ చెప్పారంట. నువ్వలాంటి పని చేస్తావంటే ఎవరు నమ్ముతారమ్మా?"

సిలారు మాత్రం వకుళ ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.