నాలుగు భూతాలకు మూడు జోలలు

కొండ కొమ్మున కట్టిన శిఖరపురంలో ఎంత లోతు తవ్వినా రాయి తగిలేదే గాని నీరు పడేది కాదు. లోయలోని ఏటి నుంచి నాలుగు భూతాలు పెద్ద పెద్ద చక్రాలు తిప్పి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పైకి తోడేవి. వాటి ఆహారం నిప్పు. కోటలోని అగ్నిమణి పగలంతా ఎండను తాగి వాటికి నిప్పు ఇచ్చేది. అయితే పని లేనప్పుడు కూడా భూతాలు కళ్లు తెరుచుకుని నిలబడే ఉండేవి, నిలబడినందుకూ నిప్పు తినేవి. మణి తాగే ఎండ కన్నా అవి తినేదే ఎక్కువైంది.

రాజు మణిధరుడు ఆ మణిని ఒక రాక్షసుణ్ణి గెలిచి తెచ్చాడు. ఓడినవాడు పోతూ పోతూ శపించాడు: మణి ఎంత తరిగితే దాని కాపరి అంత రాయవుతాడు. ఇప్పుడు మణి సగానికి తరిగింది. కాపరి గవరయ్య నడుము దాకా రాయయ్యాడు. ఆయన కూతురు కువలయ రోజూ తండ్రి నోటికి అన్నం అందిస్తూ, రాయి ఎంత పైకి పాకిందో చేత్తో తడిమి చూసుకునేది.

భూతాలను నిద్రపుచ్చే జోలలు తూర్పు అడవిలోని యక్షిణికి తెలుసని విని, కువలయ ఒంటరిగా బయలుదేరింది.

అడవి మొదట్లోనే దారికడ్డంగా కొండచిలువ కునుకు తీస్తోంది. కువలయ మునివేళ్ల మీద దాటబోయిందో లేదో అది కన్ను తెరిచి పడగంత తల ఎత్తింది. ఆమె మెరుపులా పక్కనున్న వాగులోకి దూకి ప్రాణం దక్కించుకుంది. ఆ పైన గుహలో ఒక ఎలుగుబంటి మొద్దునిద్రలో ఉంది. యక్షిణి ఇంటి దారి దానికొక్కదానికే తెలుసు. లేపడానికి పూట పట్టింది. లేచాక అది కువలయ తెచ్చుకున్న అటుకులు, బెల్లం, చెట్టు మీది తేనెపట్టు ఒక్కటీ మిగల్చలేదు.

"ఏం చూస్తావే పిల్లా? నిద్రలో నాకేమీ అక్కర్లేదు. లేచేటప్పుడే ప్రాణం పోయేంత ఆకలి" అని మూతి నాక్కుంటూ దారి చూపించింది.

యక్షిణి ముసలిది. ఆమె కువలయకు మూడు జోలలు నేర్పింది. మొదటిదానికి కునుకు పడుతుంది. రెండోదానికి నిద్ర వస్తుంది. మూడోదానికి మొద్దునిద్రే, అందులో భూతాలు నిప్పు దాదాపు ముట్టవు. కానీ నిద్ర ఎంత గాఢమైతే లేవడానికి అంత ఆలస్యం, లేచాక అంత ఆకలి.

"నీ భూతాలకు ఎంతసేపు తీరిక ఉంటుంది?" అని అడిగింది యక్షిణి.

"ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుందమ్మా."

"అయితే నిన్న ఎంతసేపో మొన్న ఎంతసేపో చూసి అంచనా వెయ్యి. తీరికను బట్టే జోల ఎంచుకోవాలి. జోల తెలియడం గొప్ప కాదు, ఏది పాడాలో తెలియాలి."

కువలయ తిరిగొచ్చేసరికి రాయి తండ్రి రొమ్ము దాకా వచ్చింది. ఆమె ఆలస్యం చేయకుండా ఉదయం పని ముగియగానే మూడో జోల పాడింది. నాలుగు భూతాలూ కూలబడి గురకపెట్టాయి. కానీ సాయంత్రానికి మణి ఇంకా చిన్నదైంది. గవరయ్యకు ఊపిరి అందడం కష్టమైంది.

మర్నాడు ఆమె భూతాల పక్కనే కూర్చుని కనిపెట్టింది. కోటలో గడియకొకసారి గంట కొట్టేవారు. భూతాలు "ఉన్నాం" అని పలకాలి. అవి పారిపోతాయన్న భయంతో రాజు పెట్టిన ఆచారమది. ఎంత అలవాటైపోయిందంటే ఊళ్లో ఎవరి చెవికీ ఆ గంట వినపడేది కాదు. నిద్ర పట్టీ పట్టకముందే భూతాలు ఉలిక్కిపడి లేచి, ఎలుగుబంటిలాగే ఆబగా నిప్పు మింగేవి. ఒక్క గడియ నిద్రలో మిగిలిన దానికి రెండింతలు లేవడానికే పోయేది.

ఆమె రాజు దగ్గరకు పరుగెత్తి, పని ఉన్నప్పుడే గంట కొట్టించమని వేడుకుంది. గంట కొట్టే మల్లడు పక్కనుంచి, "మరి నాకు కూడా జోల పాడతావా అమ్మాయీ?" అన్నాడు. రాజు నవ్వలేదు.

"గంట లేకపోతే వేళ ఎలా తెలుస్తుంది?"

"వేళ మనకు కావాలి ప్రభూ, వాటికెందుకు? ఉన్నాయో లేవో గడియగడియకూ అడిగి అడిగి మా నాయన్ను రాయి చేస్తున్నాం."

రాజు చివరికి ఒక్క రోజుకు ఒప్పుకున్నాడు.

ఆ రోజు ఉదయం పని ముగియగానే కువలయ మళ్లీ మూడో జోల పాడింది. కోటంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికే జనం బెదిరి వీధుల్లోకి వచ్చారు. ఆడవాళ్లు బిందెలతో ఏ వేళకు వస్తారో కువలయ ఊహించింది. భూతాలు లేవడానికి ఒక గడియ పడుతుంది కాబట్టి అంతకు ముందే తానే గంట కొట్టింది. మూడు భూతాలు కళ్లు తెరిచాయి. నాలుగోది కదల్లేదు. బిందెలు వచ్చేశాయి, గొణుగుడు మొదలైంది. అప్పుడు నాలుగోది ఆవులించి చక్రం పట్టుకుంది. నీళ్లు గలగలా వచ్చి తొట్లలో పడ్డాయి. మణి ఒక వేరుశనగ గింజ మేర పెరిగింది.

అది చూసి రాజు ఆ తర్వాత కూడా గడియగడియకూ గంట కొట్టించలేదు. నలభై రోజులకు గవరయ్య పాదాలు నేల మీద కదిలాయి. రాజు గంటను అంతఃపురం ముందుకు మార్పించాడు. గడియలు ఇక మనుషుల కోసమే మోగుతాయి, భూతాలను పనికి పిలవడానికి వేరే గంట ఉంటుంది. గవరయ్యకు బదులు కాపరి దండం ఎవరికివ్వాలా అని సభలో అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దాన్ని పట్టుకున్నవాళ్లకే శాపం మరి. ఆ సంగతి తెలిసే కువలయ ముందుకొచ్చి అందుకుంది.

ఆమె ఆ పదవిలో చాలా ఏళ్లుంది. పండగనాడో వాననాడో అంచనా తప్పితే పాదాలు కాస్త బరువెక్కేవి. ఎక్కడ తప్పిందో ఆలోచించుకుని మర్నాడు సరైన జోల పాడేది. సాయంత్రానికి తేలికపడిన పాదాలతో నాయన వెంట నడిచి ఇంటికి వెళ్లేది.