ఉత్తరీయాల జబ్బు

సిరివల్లి రాజ్యంలో ధీరవర్మ మహారాజుకు బహుమతుల పిచ్చి. మొదట పరుగుపందెంలో గెలిచినవాడికి పట్టు ఉత్తరీయం కప్పేవాడు. ఓడినవాళ్ళు నొచ్చుకుంటారని వాళ్ళకూ కప్పాడు. చివరికి తాలింఖానాలో నాలుగు బస్కీలు తీసినా, బావిదాకా నడిచినా మగవాళ్ళకు ఉత్తరీయం, ఆడవాళ్ళకు చీర.

ఒకనాడు కొట్లో పట్టు అయిపోయింది. మర్నాటికల్లా జనమంతా మంచాలకు అతుక్కుపోయారు. వాళ్ళ పాదాలు రాళ్ళవడం మొదలైంది.

"ఏకశృంగం కొండమీది ఊటనీళ్ళు చుక్క నోట్లో పడితే నయమవుతుంది," అన్నాడు రాజవైద్యుడు, మంచంలోంచే. "పున్నమి దాటితే మాత్రం ఎవరూ లేవరు. తెచ్చేవాళ్ళు దారిలో ఆగారా, చెంబులో నీళ్ళు ఆవిరే."

లేచి తిరుగుతున్నది ఒక్క చెంగల్వ. ఆమె రాజుగారి వార్తలు మోసే మల్లప్ప కూతురు, తండ్రితోపాటు పరిగెత్తేది. పరుగుకేమో ఉత్తరీయం, ఆడవాళ్ళకేమో చీర; పరిగెత్తే ఆడపిల్లకు ఈ రెంటిలో ఏదివ్వాలో రాజ్యంలోని పెద్దలు ఇంకా తేల్చలేదు. ఆ పుణ్యాన జబ్బు ఆమెకు అంటలేదు. మల్లప్పకు అప్పటికే మోకాళ్ళదాకా రాయి. చెంగల్వ చెంబు తీసుకుని బయల్దేరింది.

రెండు రోజులు కొండెక్కి, సరిగ్గా పున్నమినాటి ఉదయం చెంబు నింపుకుని దిగసాగింది.

మొదటి మలుపులో ఒక సన్యాసి గాలిలో తేలుతూ పక్కన చేరాడు. "అమ్మాయీ, మలుపుకో పట్టుచీర ఇస్తాను, పరుగెత్తు!"

నాలుగు మలుపులు, నాలుగు చీరలు. ఐదో మలుపులో సన్యాసి ఖాళీ చేతులు చూపించాడు. "అయిపోయాయమ్మా."

అంతే, ఆమె కాళ్ళు బరువెక్కాయి. బొటనవేలు రాయైంది. హడలిపోయి చీరలన్నీ లోయలోకి విసిరేసింది. నెమలికంఠం రంగు చీర దగ్గర మాత్రం కాస్త తటపటాయించింది, ఎవరైనా అంతే. వేలు మళ్ళీ వేలైంది.

తర్వాత అడవి. "ఆగావంటే నమిలేస్తా!" అంటూ ఒక రాక్షసుడు వెంటపడ్డాడు. భయం రెండు క్రోసులు పరిగెత్తించింది. రాక్షసుడిది పాపం పెద్ద పొట్ట. "ఇక నావల్ల కాదే పిల్లా. నువ్వెళ్ళు తల్లీ," అని రొప్పుతూ చెట్టుకు ఆనుకున్నాడు. తరిమేవాడు లేకపోయేసరికి ఆమె కాళ్ళు ఈడ్చుకుపోయాయి. చెంబులోంచి సన్నగా ఆవిరి లేచింది.

పక్కనే ఉప్పుమూటలతో ఒక ముసలి కంచరగాడిద నడుస్తోంది. "ఎందుకే పరిగెడుతున్నావు?" అంది మనిషి గొంతుతో.

"మా నాన్న కోసమని బయల్దేరాను. ఇప్పుడు మోకాళ్ళ నొప్పి తప్ప ఏదీ గుర్తులేదు. నీకు విసుగు రాదా?"

"రాకేం? ముప్ఫై ఏళ్ళుగా వస్తోంది. ఊరెంత దూరమో చూడను. అదిగో, ఆ తుమ్మమొద్దుదాకా, అంతే. అక్కడికెళ్ళాక ఇంకోటి చూసుకుంటా. ఈ అడుగు నాది. ఎవడో తోలుతున్నాడనుకుంటే ఎప్పుడో కూలబడేదాన్ని."

తుమ్మమొద్దు వచ్చింది. తర్వాత పుట్ట. తర్వాత ఎర్రబండ. మూడడుగులకో ఊపిరి. అలసట ఏమాత్రం తగ్గలేదు. కానీ ఊపిరీ అడుగూ జతకలిసిన చోట, ఆ అలసటలోనే చిన్న హాయి తగిలింది. ఎవరూ చూడటంలేదు. అదీ బాగానే ఉంది.

చంద్రోదయానికి ముందే ఊరు చేరి, ఇంటింటా చుక్క చుక్క పోసింది. కాళ్ళలోని రాయి కరిగింది గానీ ఒక్కరూ లేవలేదు. పట్టు తెచ్చే బండి కోసం చూస్తూ పడుకునే ఉన్నారు. ఊరి చివరి ఇంట్లో ఆఖరి చుక్క మల్లప్పకు పోసింది. ఆయన కాళ్ళలోని రాయీ కరిగింది. ఆయనా లేవలేదు.

బతిమాలడానికీ బెదిరించడానికీ చెంగల్వకు ఓపిక లేదు. గుమ్మంలోనే కూలబడింది. "నాన్నా, దాహం," అంది.

మల్లప్ప కూతురి పాదాలకేసి చూశాడు. బొబ్బలు, రక్తం. మంచం కిర్రుమంది. తూలుతూ, గోడ పట్టుకుంటూ, కుండ దగ్గరికి నడిచాడు.

"మల్లప్ప లేచాడోయ్!" అని పక్కింటివాళ్ళు చూడటానికి లేచారు. వాళ్ళను చూడటానికి వీధి లేచింది.

రాజు సంతోషం పట్టలేక యువరాజునిచ్చి పెళ్ళి చేస్తానన్నాడు. "మళ్ళీ బహుమతేనా మహారాజా!" అని చెంగల్వ దణ్ణం పెట్టి, తాలింఖానా పెత్తనం మాత్రం తీసుకుంది. అయినా యువరాజు రోజూ వచ్చి ఆమెతో పరిగెత్తాడు. రోజూ ఓడాడు, నవ్వుకుంటూ వెళ్ళాడు. ఏడాది చూశాక, పెళ్ళి మాట ఆమే ఎత్తింది.