వచ్చేది, పోయేది

"నీళ్లు పడ్డాయా?"

ఈ ప్రశ్న వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. దారిన పోయే ప్రతివాళ్లూ ప్రహరీ మీంచి తల పెట్టి అడిగేవాళ్లే. కొత్త ఇంటి పెరట్లో బోరు వేస్తుంటే నీళ్లకోసం కాక ఇంకెందుకనుకుంటారు పాపం! ఇది నీళ్ల బోరు కాదు, భూమి లోపలి చల్లదనాన్ని పైపుల్లో ఇంట్లోకి తెచ్చే ఏర్పాటు, చలికాలంలో ఇదే ఇంటిని వెచ్చగా ఉంచుతుంది అని చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోయింది. ఆ రోజు తల కూడా తిప్పలేదు.

"పడలేదండీ. పడవు కూడా. వెళ్లిరండి."

"ఇల్లు మాదేనండీ. ఎక్కడికి వెళ్లిరమ్మంటారు?"

తిరిగి చూస్తే ఇంటాయన కూతురు. బళ్లో లెక్కల టీచరు. ఆవిడ వేళ్లనిండా సుద్దపొడి, నా ఒంటినిండా బురద. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అలిసిపోయారో చెప్పడం కష్టం.

"బోరు వేసేవాళ్లు ఇంత బోరు కొడతారనుకోలేదు" అంది.

నవ్వే ఓపిక లేదు. అయినా నవ్వొచ్చేసింది.

అప్పట్నుంచి నేను బోరుగారు, ఆవిడ టీచర్‌గారు. బడి అవగానే వచ్చి ఇటుకల మీద కూర్చుని పేపర్లు దిద్దుకునేది. ఫ్లాస్కులోంచి నాకూ కాస్త టీ పోసేది. పెద్దగా మాటలుండేవి కావు. అలిసిన మనిషి పక్కన ఇంకో అలిసిన మనిషి ఊరికే కూర్చుంటే ఎంత హాయో అప్పుడే తెలిసింది. ఆవిడంటే నాకిష్టమనీ తెలిసింది. చెప్పడానికి మాత్రం ధైర్యం ఉన్ననాడు ఓపిక ఉండేది కాదు, ఓపిక ఉన్ననాడు ధైర్యం ఉండేది కాదు.

ఈ ఏర్పాటే కావాలని పట్టుబట్టింది ఆవిడే. వాళ్లమ్మగారికి తలపోటు, ఏసీల మోత అసలు పడదు. నాన్నగారు సగం మనసుతో ఒప్పుకున్నారు.

పైపుల్లో నీళ్లు తిప్పే మిషన్ ఆన్ చేసిన రోజు అది కాసేపు మూలిగి ఆగిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ మూలిగింది, మళ్లీ ఆగింది. ఇల్లు పొయ్యిలా ఉంది. అమ్మగారు కణతలు నొక్కుకుంటూ కుర్చీలో కూలబడ్డారు.

"సాయంత్రం దాకా చూస్తానమ్మా" అన్నారు నాన్నగారు, తువ్వాలుతో విసురుకుంటూ. "చల్లబడలేదో, రేపే ఏసీలు తెప్పిస్తా. ఇక నీ మాట వినేది లేదు."

టీచర్‌గారి మొహం చిన్నబోయింది. అది చూసి నా ప్రాణం ఉసూరుమంది.

ఇద్దరం గోడ దగ్గరికి వెళ్లాం. భూమిలోంచి లేచిన నల్ల పైపులు రెండూ అక్కడే ఇంట్లోకి దూరతాయి. రెండింటి మీదా గుండ్రటి అక్షరాలు, సుద్దతో. ఒకదాని మీద 'వచ్చేది', ఇంకోదాని మీద 'పోయేది'.

"మీరు చెప్పినట్టే రాశాను కదా?" అంది.

"రాశారు. ఇంట్లో పైపులు కలిపిన ప్లంబరు అది చూసే బిగించాడు. కానీ వచ్చేదంటే..."

"ఇంట్లోకి వచ్చేది!"

"కాదండీ, భూమిలోకి వచ్చేది!"

ఇద్దరం నోరెళ్లబెట్టాం. పైపులు తిరగబడ్డాయి. భూమి వైపు నేను పెట్టిన వాల్వు ఒకవైపే తెరుచుకుంటుంది. పంపు పాపం, మూసిన తలుపుని ఎదురుగా నిలబడి తోస్తోంది.

"ఇంట్లో ఉండేవాళ్లు వచ్చేదంటే ఏమనుకుంటారండీ?" అంది విసుగ్గా.

"నేను బయట నిలబడి చెప్పాను!"

"మీరెప్పుడూ బయటే నిలబడతారు బోరుగారూ. మీతో వచ్చిన చిక్కే అది."

ఆవిడ పైపుల సంగతే మాట్లాడుతోందని గట్టిగా అనుకోబోయాను. కుదరలేదు.

నడుం విరిగేలా పైపులు విప్పి, అటుదిటు ఇటుదటు మార్చి బిగించాను. ఆవిడ టార్చి పట్టుకుంది. చేయి నొప్పి పుట్టినా దించలేదు. సాయంత్రం మళ్లీ స్విచ్చి వేశాం. ఈసారి మూలుగు లేదు. మెల్లగా, చప్పుడే లేకుండా చల్లగాలి వచ్చింది. నాన్నగారు తువ్వాలు భుజాన వేసుకుని గాలి కింద నిలబడిపోయారు. కుర్చీలో అమ్మగారు నిద్రపోయారు.

"నీళ్లు పడకపోయినా పనైందే!" అన్నారాయన, గొంతు తగ్గించి.

నేను పెరట్లో సామాన్లు సర్దుకుంటున్నాను. రేపట్నుంచి వేరే ఊళ్లో పని. ఇంకో పెరడు, మళ్లీ అదే ప్రశ్న. తలుచుకుంటేనే నీరసం. టీచర్‌గారు వచ్చి, సుద్దముక్కతో నా పనిముట్ల పెట్టె మీద ఏదో రాసింది.

'వచ్చేది.'

"ఇది ఎటునుంచి చూసి రాశారు?"

"ఇంట్లోంచి."

"టీచర్‌గారూ, మీరంటే నాకు చాలా ఇష్టం."

"ఈ ఒక్క మాట పైకి రావడానికి అంత లోతు తవ్వాలా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగినా నవ్వుతూనే ఉంది.

కిటికీలోంచి నాన్నగారి గొంతు వినిపించింది. "బోరబ్బాయ్! ఇంకా బయటే నిలబడ్డావేం? మా అమ్మాయి పిలుస్తున్నా వినబడదా? లోపలికి రా."

కాళ్ల బురద కడుక్కుని లోపలికి వెళ్లాను.